ఒకే కప్పు కింద రెండు పిల్లులు

తొలకరి పడిందంటే మన పేటల్లో పిల్లి కూనల అరుపులు మొదలవుతాయి. మసీదు హౌజు పక్కన చెప్పులు విడిచే చోట, షాదీఖానా వెనుక దేగ్‌లు కడిగే దగ్గర, మాంసం దుకాణం బల్ల కింద, ఎక్కడ చూసినా రెండు కళ్లు మెరుస్తుంటాయి. మగ్రిబ్ నమాజు చేసి ఇంటికొస్తున్న కుర్రాడు ఒకదాన్ని చొక్కాలో దాచుకొని తెస్తాడు. "అమ్మీ, వానలో తడిసిపోతోంది" అంటాడు. ఏ తల్లి కాదంటుంది? అనకూడదు కూడా. పిల్లల మనసులో దయ మొలకెత్తినప్పుడు దాన్ని తుంచేయడం మంచిది కాదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ ఇంట్లో అప్పటికే ఒక పిల్లి ఉన్నప్పుడు.

ఆ తర్వాత జరిగే తంతు చాలా ఇళ్లలో చూశాం. కొత్తదాన్ని తెచ్చి పాతదాని ముందు దించుతారు. పాతది ఒళ్లంతా ఉబ్బించి బుస కొడుతుంది. కొత్తది బీరువా కిందికి దూరుతుంది. రెండో రోజు కొట్లాట. మూడో రోజు పాతది తిండి మానేస్తుంది. నాలుగో రోజు పరిచి ఉన్న జానమాజు మీద మూత్రం పోస్తుంది. ఇంటిపెద్దకు కోపం నషాళానికి అంటుతుంది. వారం తిరక్కుండానే కొత్తదాన్ని గోనెసంచిలో వేసుకొని వెళ్లి ఏ మార్కెట్టు దగ్గరో వదిలేసి వస్తారు. కొన్ని ఇళ్లలో ఇంతకన్నా ఘోరం. ముద్దొచ్చే కూనను ఉంచుకొని, ఆరేడేళ్లుగా ఆ గుమ్మాన్నే నమ్ముకున్న పాతదాన్ని వదిలేస్తారు.

జాలితో మొదలైన పని జులుంతో ఎందుకు ముగుస్తోంది? పిల్లులు చెడ్డవై కాదు, మన తొందర వల్ల. రెండు పిల్లుల్ని ఒక ఇంట్లో కలపడానికి ఒక పద్ధతి ఉంది. దానికి కావలసింది డబ్బు కాదు, మూడు నాలుగు వారాల సబ్ర్.

పిల్లికి ఇల్లంటే వాసన

పిల్లి స్వభావం కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మన ఇళ్లలో తిరిగే పిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల్లోని ఒక అడవి పిల్లి జాతి సంతానమే. ధాన్యం నిల్వ చేసుకునే మనిషి దగ్గరికి ఎలుకల కోసం వచ్చి, అలా ఉండిపోయింది. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి ఎముకలు దొరికాయి. ఇంత పాత చుట్టరికమైనా పిల్లి తన మూల స్వభావాన్ని వదులుకోలేదు. కుక్క గుంపుగా వేటాడే జంతువు. పిల్లి ఒంటరిగా వేటాడేది. తన వేట స్థలంలో పరాయి పిల్లి అడుగు పెడితే తన కూటికి ఎసరొచ్చిందనే అనుకుంటుంది.

మరి ఆ స్థలానికి సరిహద్దు గోడలా? కాదు, వాసన. పిల్లి బుగ్గల దగ్గర, నుదుటి మీద, పాదాల్లో వాసన గ్రంథులుంటాయి. అది తలుపు మూలకు, కుర్చీ కాలికి, మీ కాలికి బుగ్గ రాస్తుందంటే ముద్దు చేయడం ఒక్కటే కాదు, 'ఇది నాది' అని ముద్ర వేయడం కూడా. ఇల్లంతా ఆ ముద్రలే. ఆ మధ్యలోకి హఠాత్తుగా పరాయి వాసన వచ్చి పడితే దానికి దొంగ చొరబడినట్టే. మనిషి ముందు చూసి, తర్వాత నమ్ముతాడు. పిల్లి ముందు వాసన చూసి నమ్మాలి, ఆ తర్వాతే కంటితో చూడాలి. ఈ వరుస తప్పినచోటే కొట్లాట వస్తుంది.

చుట్టూ తిరిగేవి

ఇక్కడ ఒక హదీసు గుర్తు చేసుకోవాలి. హజ్రత్ అబూ ఖతాదా (రజి) కోడలు కబ్‌షా వుజూ కోసం ఆయనకు నీళ్లు పెట్టారు. అంతలో ఒక పిల్లి వచ్చింది. ఆయన నీటి పాత్రను దాని వైపు వంచి, తాగడం అయ్యేదాకా అలాగే పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధమైనది కాదనీ, అది మీ చుట్టూ తిరిగే వాటిలోనిదనీ దైవప్రవక్త (స) చెప్పినట్టు వివరించారు. అబూ దావూద్, తిర్మిజీ, ఇమామ్ మాలిక్ ముఅత్తాలలో ఈ ఉల్లేఖనం ఉంది.

'చుట్టూ తిరిగేవి' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఖుర్ఆన్‌లో సూరె నూర్ 58వ ఆయత్‌లో ఇంట్లోవాళ్లు ఒకరి దగ్గరికి ఒకరు వచ్చిపోతూ ఉండే సందర్భంలో ఇదే పదం వాడబడింది. అంటే పిల్లిని ఇంట్లో తిరిగే మనుషుల వరుసలో చేర్చి చెప్పారన్నమాట. మీ ఇంట్లో ఉన్న పాత పిల్లి ఏనాడో ఆ వరుసలో చేరిపోయింది. కొత్తదాని మీద చూపే దయ దాని హక్కుకు అడ్డు రాకూడదు.

ఇక పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, నేల మీద పురుగూ పుట్రా అయినా తిననివ్వక చంపిన స్త్రీకి పడిన శిక్ష గురించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. అది అందరికీ తెలిసిందే. దాన్ని ఉల్లేఖించిన వారిలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఒకరు. మేకలు కాసే రోజుల్లో ఆయన దగ్గరొక చిన్న పిల్లి కూన ఉండేది. రాత్రి దాన్ని చెట్టు మీద ఉంచి, పగలు వెంట తీసుకెళ్లి ఆడుకునేవారు. అందుకే ఆ పేరు వచ్చిందని ఆయనే చెప్పుకున్నట్టు తిర్మిజీలో ఉంది. పిల్లి పేరుతో పిలవబడిన సహాబీ నోటి వెంటే పిల్లి విషయంలో ఆ హెచ్చరిక మనకు అందింది. పండితులు ఈ హదీసు నుంచి తీసిన అర్థం కూడా గమనించదగ్గది. పిల్లిని ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు, ఉంచుకొని తిండీ నీళ్లూ చూడకపోవడమే తప్పు. తలుపు మూసినవాడి మీదే దాని ఆకలి బాధ్యత పడుతుంది.

పనిలో పనిగా ఒక మాట. నిద్రపోతున్న పిల్లిని లేపడం ఇష్టంలేక ప్రవక్త (స) తన చొక్కా చేతిని కత్తిరించారనీ, ఆ పిల్లి పేరు ముయిజ్జా అనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ప్రామాణిక హదీసు గ్రంథాల్లో దానికి ఆధారం లేదు. పిల్లుల్ని ప్రేమించడం ఈమాన్‌లో భాగమన్న మాట కూడా అంతే. నిఖార్సయిన హదీసులు ఇన్ని ఉండగా కల్పిత కథల అవసరం మనకేమిటి?

తెచ్చే ముందు

కూన ఒంటరిగా కనిపించగానే చంకన పెట్టుకోవద్దు. తల్లి మేతకు వెళ్లి ఉండవచ్చు. దూరంగా ఉండి కొన్ని గంటలు గమనించండి. నెల నిండని కూనకు తల్లి పాలను మించినది లేదు. కళ్లు తెరవని పసికందును ఇంటికి తెస్తే రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా, పాలు పట్టాల్సి ఉంటుంది. తల్లి రాదని తేలాకే చేతుల్లోకి తీసుకోవాలి.

తీసుకున్నాక మొదట వెళ్లాల్సింది ఇంటికి కాదు, పశువుల ఆసుపత్రికి. ప్రతి మండలంలోనూ ప్రభుత్వ పశువైద్యశాల ఉంటుంది. హైదరాబాదు వాళ్లకు నారాయణగూడలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రే ఉంది. అక్కడికి గేదెలు, మేకలే వెళ్తాయని చాలామంది అనుకుంటారు. పిల్లుల్ని కూడా చూస్తారు. చెవుల్లో గజ్జి, ఒంట్లో గోమార్లు, కడుపులో నులిపురుగులు ఉన్నాయేమో చూపించండి. వెంట్రుకలు ఊడి గుండ్రటి మచ్చలుంటే అది తామర కావచ్చు, మీ పిల్లలకూ అంటుతుంది. వీధిలో కొట్లాడి తిరిగిన పెద్ద గండుపిల్లి అయితే రక్తపరీక్ష అవసరమేమో డాక్టరును అడగండి. పిల్లి కాటు ద్వారా పిల్లికి సోకే వైరస్ జబ్బులు కొన్ని ఉన్నాయి.

టీకాలు రెండు రకాలు. పిల్లులకు వచ్చే ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాల జబ్బుకు, జలుబు జబ్బులకు కలిపి వేసే టీకా ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండే దాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. రేబీస్ టీకా మూడు నెలలకు. పాత పిల్లికి టీకాలు వేయించారా? లేకపోతే ముందు దానికి వేయించండి. ఆ విరేచనాల జబ్బు క్రిమి ఇంట్లో ఏడాది దాకా బతికి ఉండగలదు. అందుకని ఈ మధ్య ఆ లక్షణాలతో పిల్లి చనిపోయిన ఇంటికి టీకా లేని కూనను తేవడమంటే దాన్ని మృత్యువు చేతిలో పెట్టడమే.

ఇంకొకటి, ఇది మనుషుల సంగతి. వీధి పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా "పిల్లే కదా" అనుకోవద్దు. రేబీస్ పిల్లి నుంచి కూడా వస్తుంది. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకా మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. గాయం లోతుగా ఉంటే దానితో పాటు గాయం చుట్టూ వేసే మందు కూడా ఉంటుంది. పసుపు, సున్నం, కారం పెట్టి ఊరుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

ముందు పరదా, తర్వాత పరిచయం

మా ఇంట ఎలా జరిగిందో చెబితే పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. మాది రెండు గదులు, వసారా, మెట్ల కింద సామాను అర ఉన్న పాత ఇల్లు. ఆరేళ్లుగా మానో అనే తెల్ల ఆడపిల్లి ఉంది. నిరుడు మసీదు సందులో నుంచి ఒక గోధుమరంగు పిల్లి రోజూ ఫజర్ వేళకు గుమ్మం దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఐదు నెలల వయసుంటుందని డాక్టరు చెప్పారు. పిల్లలు దానికి భూరీ అని పేరు పెట్టారు.

ఆసుపత్రి నుంచి తెచ్చి భూరీని నేరుగా మెట్ల కింది అరలో ఉంచాం. లోపల ఒక అట్టపెట్టె, పాత తువ్వాలు, నీళ్లు, తిండి, మరో మూలన ఇసుక పోసిన బేసిన్. తలుపు మూసేశాం. మూడు రోజుల పాటు ఇంతే. లోపలిదానికి ఇల్లు అలవాటు కావాలి, బయటిదానికి తలుపు వెనుక ఎవరో ఉన్నారన్న సంగతి అలవాటు కావాలి. మానో ఆ తలుపు ముందు కూర్చొని బుస కొట్టింది. దాన్ని మేం కొట్టలేదు, తిట్టలేదు. ముందు దానికి తిండి పెట్టి, దాన్ని దువ్వి, ఆ తర్వాతే లోపలికి వెళ్లేవాళ్లం. పాతదాని వరుస ఎప్పుడూ ముందే.

నాలుగో రోజున తువ్వాళ్లు మార్చాం. భూరీ బుగ్గలకు రాసిన గుడ్డ మానో తిండి గిన్నె పక్కన, మానో పడుకునే గుడ్డ భూరీ అరలో. మొదట మానో ఆ గుడ్డకు దూరంగా జరిగింది. రెండు రోజులకు దాని పక్కనే తిన్నది. ఇవి చిన్న సంగతుల్లా కనిపిస్తాయి గానీ, సగం పని ఇక్కడే అయిపోతుంది. ఆ రోజుల్లో ఇంట్లో లోబాన్ పొగ వేయడం, అత్తరు పూసిన చేతులతో వాటిని తాకడం మానుకున్నాం. గాఢమైన వాసన మధ్య వాటి ముద్రలు వాటికే తెలియవు. పైగా పొగ పిల్లుల ఊపిరికి మంచిది కాదు.

ఆ తర్వాత దస్తర్‌ఖాన్. మూసిన తలుపుకు అటూ ఇటూ రెండు గిన్నెలు, మొదట చెరో ఆరడుగుల దూరంలో. రోజుకో జానెడు దగ్గరికి జరుపుతూ వచ్చాం. పన్నెండో రోజుకు రెండూ తలుపుకు చెరోవైపు ఆనుకొని తింటున్నాయి. పరాయి వాసన వచ్చినప్పుడల్లా మంచి కూర దొరుకుతోందన్న లెక్క వాటికి కుదిరింది. ఈ మధ్యలోనే రోజూ ఒక గంట స్థలాలు మార్చేవాళ్లం. మానోను వెనక గదిలో ఉంచి, భూరీని ఇల్లంతా తిరగనిచ్చేవాళ్లం. ఒకదాన్ని ఒకటి చూసుకోకుండానే ఒకరి ఇల్లు ఒకరు చూసుకున్నట్టు.

తర్వాత తలుపు తీసి, దాని స్థానంలో పాత జాలీ అల్మారా తలుపు బిగించి, దాని మీద పరదా వేశాం. తిండి వేళకు పరదాను రోజుకు నాలుగు వేళ్లంత పైకెత్తేవాళ్లం. ముందు పాదాలు కనిపించాయి, తర్వాత మీసాలు. పదహారో రోజున కళ్లు కలిశాయి. మానో గుర్రుమంది. వెంటనే పరదా దించి, ఇంకో రెండు రోజులు వెనక్కి వెళ్లాం. ఈ వెనక్కి వెళ్లడమే చాలామంది చేయని పని. గుర్రుమంటే ఒక మెట్టు దిగాలి, అంతే. అందులో నష్టమేమీ లేదు.

మూడు వారాలకు జాలీ తీశాం. మొదటి రోజు ఐదే ఐదు నిమిషాలు, అదీ ఒకరు తాడు ముక్కతో భూరీని ఆడిస్తూ, ఒకరు మానో పక్కన కూర్చొని. గొడవ రాకముందే ముగించాం. మర్నాడు పది నిమిషాలు. నెల దాటాక తలుపులన్నీ తెరిచాం. వాటి మధ్య ప్రాణస్నేహం కుదిరిందని చెప్పం. తఖ్తుకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పడుకుంటాయి. చలికాలంలో మాత్రం వసారాలో ఎండ పడే ఒక్క చాప మీదికీ రెండూ చేరుతాయి. అంతకన్నా ఆశించనక్కర్లేదు కూడా. ఒకదాన్ని చూసి ఒకటి భయపడకుండా తిని, తాగి, నిద్రపోతే చాలు.

అందరికీ ఇదే లెక్క అనుకోవద్దు. చిన్న కూన అయితే వారం పది రోజుల్లో కలిసిపోవచ్చు. రెండూ ఎదిగిన గండుపిల్లులైతే రెండు నెలలు పట్టవచ్చు. పది పన్నెండేళ్ల ముసలి పిల్లి ఉన్న ఇంట్లో ఎగిరి దూకే కూన దానికి నిజంగా శిక్షే. అలాంటి ఇంటికి నెమ్మదైన ఎదిగిన పిల్లి నయం. విడి గది లేదంటారా? స్నానాల గది, మేడ మీద రేకుల షెడ్డులో నీడ ఉన్న మూల, కోళ్లకు వాడే పెద్ద జాలీ గూడు, ఏదైనా పనికొస్తుంది. రేకుల కింద ఎండాకాలం మాత్రం వద్దు. ఇంకో ముఖ్య విషయం, ముహూర్తం కూడా చూసుకోవాలి. బక్రీదు వారంలో, పెళ్లి పెట్టుకున్న ఇంట్లో, రంజాన్ ఆఖరి పది రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. వచ్చేపోయే జనం, వేళ తప్పిన వంటలు, తెరిచి ఉంచే తలుపులు, వీటి మధ్య మనుషులకే నిలకడ ఉండదు.

"నాలుగు తన్నుకుంటే అవే సర్దుకుంటాయి"

పెద్దవాళ్లు చెప్పే ఈ మాటతో మేం ఏకీభవించం. పిల్లి పన్ను సూదిలాంటిది. పైన చర్మం ఒక్క రోజులో మూసుకుంటుంది, లోపల చీము పడుతుంది. మూడు నాలుగు రోజులకు జ్వరం, వాపు. ఒంటి గాయం మానినా, ఒకసారి ఇంటి మధ్యలో చితక్కొట్టించుకున్న పిల్లికి ఆ భయం నెలల తరబడి పోదు.

వాటి భాష కాస్త నేర్చుకుంటే చాలు. తోక నిటారుగా ఎత్తి నడిచొస్తే మంచి మనసుతో వస్తోందని. కళ్లు మెల్లగా మూసి తెరిస్తే నెమ్మదించిందని. బుస కొట్టడం భయానికి గుర్తు, దానికి శిక్షించకూడదు. చెవులు వెనక్కి అణిచి, తోక బుర్రుగా చేసి, ఒంగి కూర్చుంటే కొట్లాటకు ఒక్క అడుగే ఉంది. అన్నిటికన్నా గమనించాల్సింది, శబ్దం లేని బెదిరింపు. ఒకటి ఇసుక బేసిన్ దారిలో అడ్డంగా కూర్చొని రెండోదాన్ని కన్నార్పకుండా చూస్తుంటుంది. మనకేమో "ఎంత బుద్ధిగా కూర్చుందో" అనిపిస్తుంది. రెండోది పాపం మూత్రం ఆపుకొని ఆపుకొని చివరికి పరుపు మీద పోస్తుంది. దెబ్బలు దానికే. అందుకే బేసిన్లు పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి, వేర్వేరు మూలల్లో. గిన్నెలూ వేర్వేరు. ఎక్కి కూర్చోవడానికి అల్మారా పైనో, కిటికీ గట్టు మీదో రెండు ఎత్తైన చోట్లు.

నిజంగానే కలియబడితే చేతులు మధ్యలో పెట్టొద్దు. అట్టముక్కనో, దిండునో, పీటనో రెంటి మధ్యకు తోసి, ఒకదాన్ని గదిలోకి పంపి తలుపు వేయండి. ఆ రోజుకు మళ్లీ కలపవద్దు.

వంటింటి ప్రమాదాలు

బిర్యానీ, హలీం, కూరల మిగుళ్లు పిల్లికి పెట్టడం మన ఇళ్లలో అలవాటు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని చెడగొడతాయి. వండిన ఎముక చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉప్పూ మసాలా వేయకముందే నాలుగు మాంసం ముక్కలు ఉడికించి తీసి పెట్టండి. పెరుగన్నంతోనే పెంచితే మాంసంలో మాత్రమే దొరికే పోషకాలు అందక కళ్లు, గుండె దెబ్బతింటాయి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. జ్వరంగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి వేస్తే ఒక్క మాత్రే ప్రాణం తీస్తుంది. నేల తుడిచే ఫినాయిల్ కూడా పిల్లులకు విషమే. దాని మీద నడిచి పాదాలు నాకుతాయి. అవి తిరిగే చోట సబ్బు నీళ్లు చాలు.

పాకీ సంగతి

చాలా ఇళ్లలో నానీలు, దాదీలు పిల్లి వద్దనడానికి కారణం నమాజే. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం పిల్లి వెంట్రుక బట్టలకు అంటినంత మాత్రాన నమాజు చెడదు. అది నోరు పెట్టిన నీటితో వుజూ, వేరే నీళ్లుండగా మక్రూహ్ అంటారు. మిగతా ఇమాములు ఆ అభ్యంతరం కూడా పెట్టలేదు. ఎలుకను తిని, నెత్తురు నోటితోనే వచ్చి నీళ్లు తాగితే మాత్రం ఆ నీళ్లు వాడకూడదు. మలమూత్రాలు అశుద్ధమేనన్నది అందరి మాట, అంటిన చోటు కడగాల్సిందే. కనుక జానమాజులు మడిచి పైన పెట్టడం, వుజూ నీళ్లకు మూత పెట్టడం, రెండే జాగ్రత్తలు.

గర్భిణులు మాత్రం ఇసుక బేసిన్ జోలికి పోవద్దు. పిల్లి మలం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా అనే క్రిమి కడుపులో బిడ్డకు హాని చేయగలదు. ఆ క్రిమి అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, కాబట్టి ఇంట్లో మరొకరు రోజూ తీసేస్తుంటే ముప్పు చాలా తగ్గుతుంది. గర్భం వచ్చిందని పిల్లిని వీధిలో వదిలేయాల్సిన పనిలేదు. సరిగా ఉడకని మాంసం ద్వారా కూడా ఇదే క్రిమి వస్తుందని గుర్తుంచుకోవాలి.

ఇంకో నాలుగు పుడితే?

ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు. మోసేది రెండు నెలలకు కొంచెం పైన. ఆపరేషన్ చేయించకపోతే ఒకదానికి నీడనిచ్చినవాళ్లు ఏడాది తిరిగేసరికి ఎనిమిదింటిని వీధిపాలు చేయాల్సి వస్తుంది. గండుపిల్లులు గోడల మీద మూత్రం చిమ్మడం, రాత్రంతా కొట్లాడడం కూడా ఆపరేషన్‌తో బాగా తగ్గుతాయి. రెండింటిని కలపాలనుకునే వాళ్లకు ఇదే పెద్ద సాయం. ఇది ధర్మసమ్మతమేనా అని అడుగుతారు. పశువులకు వృషణాలు తీయించడంలో ప్రయోజనం ఉంటే ఫర్వాలేదని హనఫీ ఫిఖహ్ గ్రంథం హిదాయాలో ఉంది. వద్దన్న పండితులూ ఉన్నారు. అనుమానం ఉన్నవాళ్లు మీ ముఫ్తీ గారిని అడిగి చేయండి. కానీ ఏ పండితుడూ కూనల్ని గోనెసంచిలో పారేయమని చెప్పలేదు.

అన్నీ చేసినా రెండు మూడు నెలలకు కూడా అవి కలవని ఇళ్లుంటాయి. అప్పుడు కొత్తదానికి మరో ఇల్లు వెతకాలి. రోడ్డు మీద వదిలేయడం దారి కాదు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. ఇంటి తిండికి, ఇంటి నీడకు అలవాటు పడ్డ పిల్లికి వీధిలో వేట రాదు, కుక్కల్ని తప్పించుకోవడం తెలియదు. పిల్లి లేని ఇల్లు చూసి ఇవ్వండి. వెల అడగవద్దు. పిల్లి అమ్మకాన్ని చాలామంది ఇమాములు అనుమతించినా, దాని వెల తీసుకోవడాన్ని వారించిన హదీసు సహీ ముస్లింలో ఉంది గనుక ఉచితంగా ఇవ్వడమే మేలు. ఇచ్చేటప్పుడు టీకాల కాగితం, అది తినే గిన్నె, పడుకునే పాత తువ్వాలు కూడా ఇవ్వండి. ఆ తువ్వాలును ఉతకవద్దని కొత్త ఇంటివాళ్లకు మరీ మరీ చెప్పండి. మొదటి రాత్రి ఆ పరాయి గదిలో దానికి తెలిసిన వాసన అదొక్కటే.